4 పిస్టన్ల క్యాలిపర్లు వేయించాక ముందు బ్రేకులు కీచుమంటున్నాయి, ప్యాడ్లు మార్చినా పోవడం లేదు

అలిపిరి_వాసి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. కారు 2015 మోడల్ పెట్రోల్ సెడాన్. కారు కంపెనీ పేరు, క్యాలిపర్ల కంపెనీ పేరు కావాలనే రాయలేదు. రాస్తే చర్చంతా ఏ బ్రాండు గొప్ప అన్నదాని మీదికి పోతుంది, నా బ్రేకుల సంగతి అట్లాగే ఉండిపోతుంది.

క్యాలిపర్ అంటే చక్రంతో తిరిగే డిస్కును రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం, ఆ నొక్కేది దానిలోని పిస్టన్లు. ముందు చక్రాలకు కంపెనీ నుంచి వచ్చిన సింగిల్ పిస్టన్ క్యాలిపర్లు తీయించి, ఇంకో పెద్ద కారుకు వాడిన 4 పిస్టన్ల ఫిక్స్‌డ్ క్యాలిపర్లు సెకండ్ హ్యాండ్‌లో కొని వేయించాను. డిస్కులు 312 మి.మీ.వి, కొత్తవి. క్యాలిపర్ కూర్చోవడానికి స్టీలు బ్రాకెట్లు చేయించారు. చక్రాలు కూడా 17 అంగుళాలకు మార్చాల్సి వచ్చింది, లేకపోతే క్యాలిపర్ రిమ్ముకు తగులుతుంది. పని చేసింది వేరే ఊరి షాపు.

ఇంత ఖర్చు ఎందుకు పెట్టానంటే, మా ఇంట్లో తిరుమల ప్రయాణాలు ఎక్కువ. అమ్మ, నాన్న, నా భార్య, పాప, సామాన్లు, కారు నిండిపోతుంది. ఒకసారి మే నెల మధ్యాహ్నం దిగుతున్నాం. ముందర ఒక బస్సు, ప్రతి మలుపులో దాదాపు ఆగి తిరుగుతోంది. నేను రెండో గేర్లోనే ఉన్నా బ్రేకు మీద నుంచి కాలు తీయడానికి వీల్లేకుండా పోయింది. కింది మలుపులకు వచ్చేసరికి పెడల్ మెత్తబడింది. కారు ఆగాల్సిన చోటు దాటి ముందుకు పోయింది. వెనక సీట్లో అమ్మ గోవిందనామాలు చదువుకుంటోంది. ఆమెకు చెప్పి భయపెట్టలేదు. కాస్త చోటున్న దగ్గర పక్కకు తీసి, ఫోన్ వచ్చినట్టు కిందికి దిగి, బ్రేకులు చల్లారేదాకా నిలబడ్డాను. ఆ రోజే అనుకున్నా, ఈ బ్రేకులు చాలవని.

కొత్త క్యాలిపర్లు వచ్చాక ఆగడం విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెడల్ గట్టిగా ఉంది, ఎంత లోడున్నా కారు చెప్పిన మాట వింటుంది. బాధల్లా శబ్దం గురించే. 20 కి.మీ. లోపు వేగంలో, పెడల్ మీద కాలు ఆనించీ ఆనించనట్టు నొక్కితే సన్నగా, చెవిలో గుచ్చినట్టు కూత. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే చాలు, పక్క ఆటోవాళ్లందరూ తిరిగి నా చక్రాల వైపు చూస్తారు. గట్టిగా తొక్కితే కూత ఆగిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తక్కువ, నాలుగు కిలోమీటర్లు పోయి వేడెక్కాక ఎక్కువ. రెండు పక్కలా ఉంది, ఎడమ పక్క కాస్త జాస్తి. ఇంకొక విషయం, రివర్స్‌లో అస్సలు రాదు. ఇంటి ముందు సందులో కారు వెనక్కి తీసేటప్పుడు ఎంత నెమ్మదిగా బ్రేకు నొక్కినా చప్పుడే లేదు.

ఇప్పటిదాకా చేయించినవి: ప్యాడ్లు వేరే కంపెనీవి మార్చాం. ప్యాడ్ల వెనక కాపర్ గ్రీజు రాశారు. ప్యాడ్లను పైనుంచి అదిమే స్ప్రింగు కొత్తది వేశారు. డిస్కులు లేత్ మీద పట్టించారు. బ్రేకు ఆయిల్ మార్చి డాట్ 4 రకం పోశారు. ప్యాడ్లు మార్చినప్పుడు మాత్రం కొన్నాళ్లు పూర్తిగా నిశ్శబ్దం. తర్వాత మెల్లగా మళ్లీ మొదలు.

షాపులో అడిగితే “పెద్ద బ్రేకులంటే అరుస్తాయి సార్, స్పోర్ట్స్ కార్లన్నీ ఇంతే, అలవాటు చేసుకోండి” అన్నారు. నాకు ఆ మాట మనసుకు ఎక్కలేదు. నేను దీన్ని వేయించింది ఇంట్లోవాళ్లను కొండ మీద నుంచి క్షేమంగా దించడానికి. ఇది నిజంగా అలవాటు చేసుకోవాల్సిన శబ్దమేనా, లేక లోపల ఏదో తప్పు ఉండి కారు చెబుతోందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

—

కరకంబాడి_రైడర్:

అన్నా, నా కారుకూ ఇదే కూత ఉండేది. క్యాలిపర్ స్లైడ్ పిన్నులు ఎండిపోయి పట్టేశాయి. పిన్నులు తీసి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టి వేశారు. అంతే, మళ్లీ రాలేదు. ఒకసారి అది చూపించు. చిన్న ఖర్చుతో పోతుంది.

—

మెకానికల్_టీచర్:

నమస్తే అండీ. నేను తిరుపతిలోనే ఒక కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. కరకంబాడి తమ్ముడు చెప్పింది సింగిల్ పిస్టన్ క్యాలిపర్‌కు సరైన సలహానే. అక్కడ పిస్టన్ ఒక పక్కే ఉంటుంది కాబట్టి క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. మీది ఫిక్స్‌డ్ క్యాలిపర్. రెండు పక్కలా పిస్టన్లు ఉంటాయి, క్యాలిపర్ జరగదు, స్లైడ్ పిన్నులే ఉండవు. అందులో ఉండేవి ప్యాడ్లు వేలాడే పిన్నులు. వాటికి గ్రీజు పూస్తే దుమ్ము పట్టి ప్యాడ్లు ఇరుక్కోవడం తప్ప లాభం ఉండదు.

ముందు శబ్దం ఏ రకమో విడదీసుకుందాం. సిగ్నల్ దగ్గర కారు పాకుతున్నప్పుడు కొర్రుమని లావుగా వచ్చేది వేరు. పెడల్, స్టీరింగు అదిరేది వేరు, అది ఎక్కువగా డిస్కు మందం అంతటా సమానంగా లేకపోవడం వల్ల. ఇనుము ఇనుము రాసుకున్నట్టు గరగరమంటే ప్యాడు అయిపోయినట్టు, ఆ బండిని ఇంకొక కిలోమీటరు కూడా నడపకూడదు. మీరు చెప్పేది వెయ్యి హెర్ట్జ్‌కు పైన వచ్చే సన్నటి కీచు. ప్యాడు డిస్కును పట్టడం, జారడం, మళ్లీ పట్టడం సెకనుకు కొన్ని వేలసార్లు జరుగుతుంది. ఆ వణుకు డిస్కుకు ఎక్కితే డిస్కే స్పీకరై అరుస్తుంది. మీరు గట్టిగా తొక్కినప్పుడు ఆగిపోతోందంటే, ఒత్తిడికి ప్యాడు కదలకుండా కుదురుకుంటోందని.

క్లాసులో పిల్లలకు నేను చెప్పేది ఇదే: చాక్‌పీసును బోర్డుకు నిటారుగా ఎదురు పెట్టి తోస్తే కీచుమంటుంది, వాల్చి లాగితే అనదు. ప్యాడు ముందు కొస, అంటే డిస్కు మొదట దూరే కొస, గట్టిగా ఎదురు నిలబడితే అరుస్తుంది. అందుకే మంచి ప్యాడ్లకు ఆ కొసను ఏటవాలుగా కోసి పంపిస్తారు. మీవాటికి ఆ కోత ఉందా చూడండి.

ప్యాడు వెనక రేకు కూడా చూడండి. కంపెనీ ప్యాడ్లకు వెనక రబ్బరు పూసిన పలుచటి రేకు అంటించి ఉంటుంది, వణుకును తాగేసేది అదే. బయట కొనే స్పోర్ట్స్ ప్యాడ్లు చాలావరకు బోడిగా వస్తాయి. కొన్నిటికి స్టెయిన్‌లెస్ రేకు ఇస్తారు కానీ అది వేడి పిస్టన్‌కు ఎక్కకుండా ఆపడానికి. శబ్దాన్ని ఆపదు.

చాలా ప్యాడ్ల అంచు మీద కంపెనీ కోడుతో పాటు రెండు ఇంగ్లీషు అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. పట్టు ఎక్కువైన కొద్దీ కూతకు అవకాశం ఎక్కువ. ఊళ్లో తిరగడానికి, కొండ దిగడానికి ఎఫ్ఎఫ్ చాలు. రేసుకు వాడే ప్యాడ్లు మాత్రం వద్దు, అవి బాగా వేడెక్కితే గానీ సరిగా పట్టవు.

వేడి సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే మీ భయం అక్కడే మొదలైంది. మనుషులతో కలిపి 1500 కిలోల కారు కొండ మీద నుంచి సుమారు 650 మీటర్లు కిందికి దిగితే, వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 95 లక్షల జూళ్లు. అంటే రెండున్నర యూనిట్ల కరెంటుకు పైన. ఇంజను బ్రేకింగ్ తీసుకోగా మిగిలిందంతా డిస్కుల్లో వేడిగా మారాల్సిందే, ఎక్కువ వాటా ముందు చక్రాలది. బ్రేకును విడవకుండా రాస్తూ దిగితే ప్యాడు ముఖం మాడి అద్దంలా నున్నబడుతుంది. నున్నబడ్డ ప్యాడు కూడా ఇలాగే అరుస్తుంది. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉంటే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ తాగాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. కాబట్టి రెండేళ్లకు ఒకసారి మార్చడం మరిచిపోకండి.

కాపర్ గ్రీజు మాత్రం తుడిపించేయండి. పెట్రోలియం నూనెతో చేసిన గ్రీజు పిస్టన్ రబ్బర్లకు తగిలితే అవి ఉబ్బిపోతాయి. బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ లేదా సెరామిక్ గ్రీజు దొరుకుతుంది. రేకు తాకే చోట పలుచగా చాలు. ఇంకొకటి, ఈ మార్పు సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశారా? లేకపోతే ముందు ఆ పని చేయండి.

రివర్స్‌లో రాకపోవడం మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ప్యాడు నున్నబడితే రెండు దిక్కులా అరవాలి కదా.

—

చిత్తూరు_బ్రేకులన్న:

మేడమ్ చివర రాసిన మాట దగ్గరే అసలు కత ఉండాది. తమ్ముడూ, నేను చిత్తూరులో బ్రేకుల పని చేస్తా ఉండా. మొగిలి ఘాట్ దిగొచ్చే బండ్లు కాలిన వాసనతో నేరుగా మా షెడ్డు కాడికే వస్తాయి. నీ పోస్టులో మూడు మాటలు పట్టుకున్నా. రివర్స్‌లో రాదు. కొత్త ప్యాడ్లు వేస్తే కొన్నాళ్లు రాదు. క్యాలిపర్లు ఇంకో కారువి. ఈ మూడూ కలిస్తే నాకు ఒకటే తోస్తా ఉంది.

4 పిస్టన్ల క్యాలిపర్లో ఒక్కో పక్క రెండు పిస్టన్లుంటాయి కదా, శానా క్యాలిపర్లలో ఆ రెండూ ఒక సైజు కాదు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. డిస్కు దూరే కొస కాడ చిన్నది, డిస్కు బయటికొచ్చే కొస కాడ పెద్దది ఉండాల. ఎందుకంటే డిస్కు తిరిగేటప్పుడు దూరే కొసను తనకు తానే లోపలికి లాక్కుంటుంది, ఆ కొస జాస్తి అరుగుతుంది. అందుకని ఆడ చిన్న పిస్టన్ పెట్టి ఒత్తిడి తగ్గిస్తారు, అప్పుడు ప్యాడు అంతా సమంగా అరుగుతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చూడు. బండి ముందుకు పోయేటప్పుడు చక్రం ముందరి భాగం పైనుంచి కిందికి దిగుతుంది, వెనక భాగం కిందినుంచి పైకి లేస్తుంది. కొన్ని కార్లకు క్యాలిపర్ యాక్సిల్‌కి వెనకపక్క ఉంటుంది, కొన్నిటికి ముందరపక్క. వెనకపక్క ఉంటే డిస్కు కింది కొసలో దూరి పై కొసలో బయటికొస్తుంది. అంటే చిన్న పిస్టన్ కింద, పెద్దది పైన. ఆయిల్లో చేరిన గాలిని బయటికి తీసే చిన్న మర ఉంటుంది, దాన్ని బ్లీడ్ నిపుల్ అంటారు. గాలి పైకే పోతుంది కాబట్టి అది కూడా పైనే. ఆ క్యాలిపర్‌నే తీసుకొచ్చి ముందరపక్క ఉండే కారుకు బిగిస్తే? నిపుల్ పైకి ఉండాల కాబట్టి ఎవరైనా నిపుల్ చూసుకుని బిగిస్తారు. గాలి బాగా పోతుంది, పెడల్ రాయి మాదిరి ఉంటుంది, అందరూ బాగుందనుకుంటారు. కానీ ఇప్పుడు డిస్కు పైనుంచి దూరతా ఉండాది, ఆడేమో పెద్ద పిస్టన్. అరగకూడని కొసే అరుగుతుంది. ప్యాడు తలుపు కింద పెట్టే ఆప్పు మాదిరి ఒక కొసకు వాలిపోతుంది, డిస్కుకు సమంగా ఆనదు. లోపల వణుకు పుడుతుంది. రివర్స్‌లో డిస్కు తిరుగుడు మారిపోతుంది, అప్పుడు చిన్న పిస్టనే ముందర ఉన్నట్టు లెక్క, కూత రాదు. కొత్త ప్యాడు సమంగా ఉంటుంది కాబట్టి అరిగి వాలేదాకా గమ్మున ఉంటుంది.

నా మాట నమ్మాల్సిన పని లేదు, కొలిచి చూడు. బండిని సమమైన నేల మీద పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టు. ఒట్టి జాకీ మీద పెట్టి చక్రం ఇప్పొద్దు. ప్యాడ్లు తీసి, వెనక ఉండే ఇనుప పలకను వదిలేసి, డిస్కుకు రాసుకునే మందు మందం మాత్రం రెండు కొసలా వెర్నియర్ స్కేలుతో కొలువు. రెండు కొసలకీ అర మిల్లీమీటరు కన్నా జాస్తి తేడా ఉంటే నేను చెప్పిందే. పిస్టన్ ముఖం కూడా బయటికి కనపడతాది, దాని అడ్డుకొలత పైన ఎంత, కింద ఎంత కొలిచి రాయి. క్యాలిపర్ యాక్సిల్‌కి ఏ పక్క ఉందో అదీ రాయి.

ప్యాడ్లు తీసేటప్పుడు ఆ నల్ల దుమ్మును నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే కొట్టొద్దు. తడిగుడ్డతో తుడువు. మా షెడ్డులో పిల్లోళ్లకు మొదట నేర్పేది అదే.

“పెద్ద బ్రేకులంటే అరుస్తాయి” అన్నోళ్ల మాట పట్టించుకోవద్దు. కొత్తగా షోరూములో ఇచ్చే పెద్ద కార్లకు 4 పిస్టన్లు, 6 పిస్టన్లు ఉంటాయి, అవి సిగ్నల్ కాడ అరస్తా ఉన్నాయా?

—

అలిపిరి_వాసి:

అన్నా, మేడమ్, ఇద్దరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు కూర్చుని కొలిచాను. లెక్కలు ఇవి.

ఎడమ చక్రం బయటి ప్యాడు: పై కొస 7.1 మి.మీ., కింది కొస 9.0. లోపలి ప్యాడు: పైన 7.3, కింద 9.0. కుడి చక్రం బయటి ప్యాడు: పైన 7.6, కింద 9.1. లోపలిది: పైన 7.7, కింద 9.1.

పిస్టన్లు రెండు పక్కలా ఒకే తీరు. పైది 44 మి.మీ., కిందది 40. క్యాలిపర్ యాక్సిల్‌కు ముందరపక్క ఉంది. నిపుళ్లు రెండూ పైనే.

ప్యాడును గచ్చు మీద పెట్టి పక్క నుంచి చూస్తే కంటికే తెలిసిపోతోంది, తలుపు కింద పెట్టే చెక్కలా వాలి ఉంది. పై కొస అంచు కత్తిలా పదునుగా ఉంది. మేడమ్ చెప్పిన ఏటవాలు కోత అక్కడ పూర్తిగా అరిగిపోయింది. కింది కొసకు ఇంకా అలాగే ఉంది. ఎడమ పక్క కూత ఎందుకు ఎక్కువో కూడా అర్థమైంది, తేడా అక్కడే ఎక్కువ. ప్యాడు వెనక మాత్రం బోడిగానే ఉంది, రబ్బరు రేకు లేదు. అక్షరాలు జీజీ.

ఇప్పుడు నేను అడగాలనుకున్నది ఒక్కటే. ఎడమ క్యాలిపర్ కుడికి, కుడిది ఎడమకు మార్చి బిగిస్తే చిన్న పిస్టన్ పైకి వస్తుంది కదా? దాంతో సరిపోతుందా?

—

చిత్తూరు_బ్రేకులన్న:

నువ్వు ఇది అడుగుతావనే చూస్తా ఉన్నా. మారిస్తే పిస్టన్ల లెక్క సరిపోతుంది. కానీ నిపుల్ కిందికి పోతుంది. అప్పుడు క్యాలిపర్ బిగించి ఎంత బ్లీడ్ చేసినా పైన గాలి నిలబడిపోతుంది. గాలి తీయాలంటే క్యాలిపర్ ఇప్పి, నిపుల్ పైకి వచ్చేట్టు చేతిలో పట్టుకుని, ప్యాడ్ల మధ్య డిస్కు మందం ఉండే చెక్క పెట్టి, అప్పుడు పెడల్ తొక్కించాల. చేయొచ్చు, చేసేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం నీకు అట్లా చేయమని చెప్పను.

కారణం చెప్తా. ఈరోజు నాలాంటోడు దగ్గరుండి సరిగ్గా చేస్తాడు. రెండేళ్లకు ఆయిలు మార్చడానికి నువ్వు ఇంకో ఊళ్లో, ఇంకో షాపుకు పోతావు. ఆడ పిల్లోడికి ఈ సంగతి తెలియదు. మామూలుగా నిపుల్ వదులు చేసి, పెడల్ తొక్కించి, ఆయిలు వచ్చింది కదా అని మూసేస్తాడు. గాలి లోపలే ఉంటుంది. ఊళ్లో తిరిగేటప్పుడు కొంచిం మెత్తగా ఉందనుకుంటావు. కొండ దిగేటప్పుడు ఏమవుతాది? తిరుమల కిందికి దిగేది పాత ఘాట్ రోడ్డులో, 1944లో తెరిచిన దారి అది. 36 హెయిర్‌పిన్ మలుపులు, ఒక మలుపు తిరిగి ఊపిరి పీల్చుకునేలోపల ఇంకొకటి. ఆ దారిలో దిగే బండికి, ఇంకొకరి జ్ఞాపకం మీద ఆధారపడే ఏర్పాటు పనికిరాదు. దిగే బండ్లకు 40 నిమిషాలకు తగ్గకూడదని టైము పెట్టింది కూడా బండ్లు నిదానంగా దిగాలనే కదా.

ఆకురాయితో ప్యాడు కొస ఏటవాలుగా రాసి, వెనక రబ్బరు రేకు అంటిస్తే కూత కొన్నాళ్లు పోతుంది. అది ఒట్టి కప్పిపెట్టడమే. ప్యాడు వాలి అరగడం ఆగదు. వాలిన ప్యాడుతో పిస్టన్ అడ్డంగా తోసుకుంటా ఉంటే గీతలు పడి సీలు లీకవుతుంది.

నేను చెప్పేది ఇది. ఈ క్యాలిపర్లు అమ్మేసి, ముందరపక్క బిగించేదానికని చేసినవి, నిపుల్ పైన, చిన్న పిస్టన్ పైన ఉండేవి తీసుకో. రెండు బోల్టుల మధ్య దూరం ఇదే ఉండేవి దొరికితే నీ బ్రాకెట్లే సరిపోతాయి. కొనేటప్పుడు ఫోటో చూసి కొనొద్దు, వెర్నియర్ జేబులో పెట్టుకుని పో. కొందరు నాలుగు పిస్టన్లూ ఒకే సైజు ఉండే క్యాలిపర్లు కూడా చేస్తారు. వాటికి ఈ పక్కా ఆ పక్కా అనే బాధ లేదు గానీ ప్యాడు కొంచిం వాలి అరుగుతాది. నీ పని తిరుమల పని కాబట్టి సైజు తేడా ఉండేవే మేలు.

అవి దొరికే దాకా కంపెనీ బ్రేకులు వెనక్కి బిగించుకో. పాత డిస్కులు పారేయలేదు కదా?

—

మెకానికల్_టీచర్:

బ్రేకులన్న మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఈ సోమవారం క్లాసులో ఈ కొలతలే బోర్డు మీద వేశాను.

కొత్త క్యాలిపర్లు బిగించేటప్పుడు ఇంకో రెండు చూడమనండి. ఒకటి, డిస్కు క్యాలిపర్ మధ్యలో సరిగ్గా ఉందా అన్నది. రెండు పక్కలా ఖాళీ కొలిచి, తేడా ఉంటే బ్రాకెట్ దగ్గర పలుచటి వాషర్లతో సరిచేయాలి. రెండోది డిస్కు వంకర. డిస్కు కూర్చునే హబ్బు ముఖం మీద తుప్పు వైరు బ్రష్షుతో పూర్తిగా తీసి, డిస్కు బిగించి, డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడాలి. 0.05 మి.మీ. లోపు ఉంటే మంచిది. మీరు డిస్కులు లేత్ మీద పట్టించారు కదా, ఆ గీతలు గ్రామఫోను ప్లేటులా ఒకే వరసలో ఉండిపోతే కూడా కూత పుడుతుంది. 120 నంబరు ఎమరీ పేపరుతో గుండ్రంగా, అన్ని దిక్కులా రాయించండి. ప్యాడ్లు ఈసారి ఎఫ్ఎఫ్ తీసుకోండి.

—

అలిపిరి_వాసి:

పాత డిస్కులు, క్యాలిపర్లు అటకెక్కించి ఉంచాను అన్నా. ముందు అవే బిగించుకున్నాను. అన్నాళ్లూ కొండకు అమ్మావాళ్లను బస్సులోనే పంపించాను.

సరైన క్యాలిపర్లు చెన్నైలో దొరికాయి. వెర్నియర్ తీసుకునే పోయాను. అమ్మే ఆయన మొదట విసుక్కున్నాడు, తర్వాత ఆయనే ఆసక్తిగా నా పక్కన కూర్చుని ఇంకో రెండు జతలు కొలిపించుకున్నాడు. నిపుల్ వైపు 40, రెండో వైపు 44. బోల్టుల దూరం అదే, బ్రాకెట్లు మార్చలేదు. డిస్కుకు ఒక పక్క ఖాళీ ఎక్కువగా ఉంటే 1 మి.మీ. వాషర్లు వేయించాను. డిస్కు వంకర ఎడమ 0.03, కుడి 0.04 వచ్చింది. ప్యాడ్లు ఎఫ్ఎఫ్, వెనక రబ్బరు రేకు అంటించినవి, కొసలు రెండూ ఏటవాలుగా కోసి ఉన్నవి. రేకు తాకే చోట సెరామిక్ గ్రీజు వేలితో రాసినంత పలుచగా.

ప్యాడ్లు కుదురుకోవడానికి తెల్లవారుజామున చిత్తూరు హైవే మీదికి పోయాను. వెనక బండి లేదని చూసుకుని, 60 నుంచి 15 దాకా గట్టిగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవడం, మధ్యలో కాస్త దూరం బ్రేకు తాకకుండా చల్లారనివ్వడం. కొంచెం వాసన వచ్చింది. తర్వాత చంద్రగిరి దాకా బ్రేకు వాడీ వాడకుండా పోయి, చెట్టు కింద ఆపాను. హ్యాండ్ బ్రేకు వేయలేదు, గేర్లో పెట్టి వదిలేశాను. డిస్కు మీద పలుచటి బూడిద రంగు పొర చుట్టూ సమంగా పరుచుకుని ఉంది.

ఇప్పుడు కూత లేదు. వాన పడిన మర్నాడు పొద్దున మొదటి రెండు సార్లు తొక్కినప్పుడు చిన్నగా అంటుంది, డిస్కు మీద తుప్పు పొర పోగానే ఆగిపోతుంది. మొన్న చక్రాలు ఇప్పి మళ్లీ కొలిచాను. నాలుగు ప్యాడ్లలోనూ రెండు కొసలకు 0.1 మి.మీ. మించి తేడా లేదు. ఎవరైనా సెకండ్ హ్యాండ్ క్యాలిపర్లు కొనబోతుంటే దయచేసి పిస్టన్లు కొలిచి కొనండి. మన ఊళ్లో అందరం ఆ కొండ దిగేవాళ్లమే.

ఒక్క సందేహం మిగిలింది. బ్రాకెట్ బోల్టులు ఎప్పుడెప్పుడు చూసుకోవాలి?

—

చిత్తూరు_బ్రేకులన్న:

కొలతలు చూసి శానా సంతోషమైంది తమ్ముడూ. బోల్టులు వెయ్యి కిలోమీటర్లు తిరిగినాక ఒకసారి టార్క్ రెంచితో, అంటే బోల్టు ఎంత బిగువుగా ఉందో చూపించే పానాతో చూడు. తర్వాత చక్రం ఇప్పినప్పుడల్లా ఒక కన్ను వేయి. బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదికి తెల్ల పెయింటుతో అడ్డంగా ఒక గీత గీసుకో. బోల్టు రవ్వంత తిరిగినా గీత విరిగినట్టు కనపడతాది, పానా తీయకుండానే తెలిసిపోతాది. బ్రాకెట్ చేయించిన షాపు ఎంత టార్క్ పెట్టిందో అడిగి రాయించుకుని బండి కాగితాల్లో పెట్టు. ఆ కాగితంలోనే పిస్టన్ల సైజు, ప్యాడు నంబరు కూడా రాసి పెట్టు, రేపు ఇంకొకరి చేతికి పోయినా వాళ్లకు తెలుస్తాది.